పాత అంబాసిడర్‌ను నమ్ముకోవచ్చా?

యజమానులు, డ్రైవర్లు, మేస్త్రీలు చెబుతున్న అనుభవాలు

పెళ్లికొడుకు కారెక్కి కూర్చున్నాడు. సన్నాయి మేళం ముందు నడవడానికి సిద్ధంగా వున్నది. డ్రైవరు తాళంచెవి తిప్పితే టక్కుమన్న చప్పుడు తప్ప ఇంజను కదలలేదు. బ్యాటరీ చచ్చిపోయింది. "ఈ పాత డొక్కు మాట్లాడొద్దంటే విన్నారు కాదు" అని బంధువుల్లో ఒక పెద్దాయన విసుక్కున్నారు. కారు యజమాని మాత్రం తొందరపడలేదు. డిక్కీలోంచి ఇనుప హ్యాండిలు తీసి, ముందు బంపరు దగ్గర రంధ్రంలో దూర్చి రెండు విసుర్లు విసిరాడు. మూడో విసురుకు ఇంజను అందుకున్నది. ముహూర్తానికి గంట ముందే పెళ్లికొడుకు విడిదికి చేరాడు.

గుడివాడ చుట్టుపక్కల గ్రామాల్లో పాత అంబాసిడర్ వున్న ప్రతి ఇంటా ఇటువంటి కథ ఒకటి వినిపిస్తుంది. ఐతే కారు నడిరోడ్డు మీద ఆగి, ఎడ్లబండికో ట్రాక్టరుకో కట్టి ఇంటికి లాక్కొచ్చిన కథలు కూడా వారి దగ్గర తక్కువేమీ లేవు. కొత్త కారు కొనే స్తోమత లేని చిన్న రైతులు, అద్దెకు తిప్పుకొని బతుకుదామనుకునే యువకులు చౌకగా వస్తుందని పాత అంబాసిడర్ వైపు చూస్తున్నారు. దాన్ని కొని నాలుగు రాళ్లు వెనకేసుకున్నవారు వున్నారు. కొన్న ధరకు రెండింతలు షెడ్డుకు పోసి, చివరకు పాత ఇనుప సామాను వాడికి తూకానికి అమ్ముకున్నవారూ వున్నారు. ఒకే కారు ఒకరికి నమ్మకంగా, మరొకరికి గుదిబండగా ఎందుకు మారుతున్నదో అనుభవజ్ఞులను అడిగితే తెలుస్తుంది.

తయారీ ఆగింది

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో హిందూస్థాన్ మోటార్స్ సంస్థ ఈ కారును 1950 దశకం చివర తయారు చేయడం ప్రారంభించింది. దాని మూలం ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు. తర్వాత మార్క్-2, మార్క్-3, మార్క్-4, నోవా అంటూ పేర్లు మారినా గుండ్రని ఆకారం పెద్దగా మారలేదు. కలెక్టరు కారన్నా, మంత్రి కారన్నా, డాక్టరుగారి కారన్నా అదే. కారు కోసం పేరు నమోదు చేయించుకొని ఏళ్లతరబడి ఎదురు చూసిన రోజులు పెద్దవారికి గుర్తే. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చిన తర్వాత పట్టణాల్లో దీని జోరు తగ్గింది. 2014 మే నెలలో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సు దేశపు పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొనుక్కున్నది.

అంటే ఇప్పుడు దొరికే బండి ఏదైనా పాతదే. ప్రభుత్వ కార్యాలయాలు పనికిరావని వేలం వేసినవి కొన్ని, టాక్సీలుగా తిరిగి అలసిపోయినవి కొన్ని, పెద్దవారి ఇళ్లలో షెడ్డులో నిద్రపోయినవి కొన్ని. ఈ మూడింటిలో ఏ రకం మంచిదని అడిగితే, మేస్త్రీలు చెప్పే జవాబు కొనేవారికి ఆశ్చర్యం కలిగిస్తుంది. రోజూ తిరిగిన టాక్సీయే నయమంటారు వారు. ఏళ్లతరబడి కదలకుండా వున్న కారుకు బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, పెట్రోలు ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, రబ్బరు గొట్టాలు ఎండి పగులుతాయి, వైర్లను ఎలుకలు కొరుకుతాయి. పైకి మాత్రం రంగు మెరుస్తూనే వుంటుంది.

మొండి ఇంజను

గుడివాడ సమీపంలో ఒక వరి రైతు పాతికేళ్లుగా మార్క్-4 పెట్రోలు కారు నడుపుతున్నారు. ఆయన కొనేనాటికే అది రెండు చేతులు మారింది. ఇన్నేళ్లలో ఇంజను రెండుసార్లు బోరుకు వచ్చిందని, రెండుసార్లూ విప్పి, పిస్టన్లు, రింగులు మార్పించి మళ్లీ బిగించామని ఆయన చెప్పారు. "ఆగదని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఆగుతుంది. కాని ఎందుకు ఆగిందో కనబడుతుంది. బానెట్ ఎత్తితే చెయ్యి పెట్టడానికి చోటుంటుంది. స్పానర్ల సంచి వుంటే సగం రోగాలు మనమే కుదుర్చుకోవచ్చు" అన్నది ఆయన మాట.

ఈ 1,489 సి.సి. పెట్రోలు ఇంజను పోత ఇనుముతో చేసినది. బరువెక్కువ, వేగం తక్కువ. కంప్యూటర్లు, సెన్సార్ల గొడవ లేదు. పాయింట్లు మాడితే గీకి సర్దుకోవచ్చు. ప్లగ్గులు తడిస్తే తుడిచి పెట్టుకోవచ్చు. ఫ్యాన్ బెల్టు తెగితే అర గంటలో కొత్తది వేసుకోవచ్చు. అందుకే దీని యజమానులు ఎక్కువమంది ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్టు, కండెన్సరు, రెండు ప్లగ్గులు, ఒక నీళ్ల డబ్బా డిక్కీలో లేకుండా పొలిమేర దాటరు.

ఐతే పెట్రోలు లీటరుకు 9, 10 కిలోమీటర్లకు మించి రావడం లేదని అందరూ ఒప్పుకుంటున్నారు. నూనె కారడం కూడా దీనికి పుట్టుకతో వచ్చిన గుణమే. నిలిపిన చోట నేల మీద నాలుగు చుక్కలు పడితే భయపడనక్కర లేదని, వెనక గొట్టంలోంచి నీలి పొగ వస్తూ ఆయిల్ మట్టం రోజురోజుకూ పడిపోతుంటే మాత్రం రింగులు అరిగినట్టేనని మేస్త్రీలు చెబుతున్నారు. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లటి ఆవిరి ఆగకపోయినా, రేడియేటరులో నీళ్లు తగ్గుతూ ఆయిల్ మజ్జిగ రంగులోకి తిరిగినా హెడ్ గ్యాస్కెట్ పోయిందని అనుమానించాలి.

వేసవిలో బెడద

పెట్రోలు అంబాసిడర్‌కు ఏప్రిల్, మే నెలలు గడ్డుకాలం. ఎండకు, ఇంజను వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై, పంపుకు అందకుండా పోతుంది. బాగానే నడుస్తున్న కారు మిట్టమధ్యాహ్నం గుక్కపట్టినట్టు ఆగిపోతుంది. పాత డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు నీడన పది నిమిషాలు ఆపి, మళ్లీ బయలుదేరేవారు. ఇప్పటికీ అదే వైద్యం. రేడియేటరులో మట్టి పేరుకుపోకుండా ఏటా వేసవికి ముందే కడిగించుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

దీనికి తోడు ఇంధనం కూడా మారింది. ఈ ఇంజను సీసం కలిసిన పెట్రోలు కాలంలో రూపొందినది. 2000 సంవత్సరం ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వస్తున్నది. పాత హెడ్డు మార్చకుండా ఎక్కువ దూరాలు, ఎక్కువ వేగంతో నడిపేవారికి వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు పోస్తున్నారు. పాత రకం రబ్బరు గొట్టాలు, వాషర్లు, పంపులోని డయాఫ్రం దీన్ని తట్టుకోలేక ఉబ్బి మెత్తబడతాయి. ఎథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని కారు ట్యాంకులో తుప్పు మరింత త్వరగా పడుతుంది. కారు కొన్న వెంటనే ఇంధనపు గొట్టాలన్నీ కొత్తవి వేయించుకోవడం తప్పనిసరి ఖర్చుగా లెక్క వేసుకోవాలి. ఇంజను మీద పెట్రోలు కారితే ప్రమాదం ప్రాణాల మీదికే వస్తుంది.

డీజిల్ బండి వారి మాట

మన దేశంలో డీజిల్ ఇంజనుతో వచ్చిన తొలి కారు కూడా అంబాసిడరే. 1980లో ఆ రకం వచ్చింది. 37 అశ్వశక్తి మాత్రమే వున్న ఆ ఇంజను ఎక్కే ఎత్తు ఎక్కలేదని, దిగేటప్పుడు మాత్రం బాగుంటుందని డ్రైవర్లు తమాషాగా చెప్పుకునేవారు. 1990 దశకంలో జపాను ఇసుజు రకం ఇంజన్లు, ఐదు గేర్ల పెట్టె వచ్చాక కారుకు కొత్త ఊపిరి పోసినట్టయింది. 1,817 సి.సి. పెట్రోలు ఇంజను ఆ కోవలోదే.

చల్లపల్లి వైపు ఒక డ్రైవరు పదిహేనేళ్లపాటు డీజిల్ అంబాసిడర్‌ను అద్దెకు తిప్పి, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేశారు. అన్నవరం, తిరుపతి, శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లి వచ్చారో ఆయనకే లెక్క లేదు. ముందు సీటులో ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో వంటపాత్రలు వేసుకొని పోవడానికి ఇంతకంటె మంచి బండి రాలేదని ఆయన అభిప్రాయం. "శ్రీశైలం ఘాటులో మాత్రం భయం భయంగానే దిగేవాణ్ణి. ఎక్కేటప్పుడు రేడియేటరు కాగిపోయేది. దిగేటప్పుడు బ్రేకులు కాగిపోయేవి. సెకండు గేరులో దింపడం నేర్చుకున్నాను" అని ఆయన అన్నారు. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరికి పురుటినొప్పులు వచ్చినా, పాము కరిచినా అర్ధరాత్రి ఆయన తలుపే తట్టేవారు. 108 అంబులెన్సులు మన రాష్ట్రంలో 2005 ఆగస్టులో గాని రాలేదు. "ఆ రాత్రుల్లో ఒక్కసారి కూడా స్టార్టవకుండా వుండలేదు. ఎందుకంటే రోజూ పడుకోబోయే ముందు నీళ్లు, ఆయిల్, బ్యాటరీ చూసుకొనేవాణ్ణి" అని ఆయన చెప్పారు.

అదే కారును తర్వాత కొనుక్కున్న యువకుడు ఎనిమిది నెలలకే వదిలించుకున్నాడు. ఆయిల్ మార్చే ఖర్చు మిగుల్చుకోబోయి ఇంజను పట్టించుకున్నాడు. క్రాంకు షాఫ్టు వంగి, బేరింగులు కరిగిపోయాయి. అప్పు తెచ్చి కొన్న బండి షెడ్డులో వుండగానే వడ్డీ పెరిగిపోయింది.

తుప్పే అసలు శత్రువు

ఇంజను పోతే మార్చుకోవచ్చు. బాడీ పోతే మాత్రం కారు పోయినట్టే. జీపుకు, లారీకి వున్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు. బాడీ రేకే దాని వెన్నెముక. తలుపుల కింది పట్టీలు, కాళ్ల కింది రేకు, వెనక కమాను కట్టలు బిగించిన చోటు తుప్పు తింటే కారు నడుము విరిగినట్టే లెక్క. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు సముద్రపు గాలికి ఉప్పు తేమ ఎక్కువ. కాలువ గట్ల మీద, చేల మధ్య బురదలో తిరిగే కార్లకు అడుగు భాగంలో మట్టి పట్టుకొని తేమ నిలుస్తుంది.

అమ్మేవారు తుప్పు మీద పుట్టీ పెట్టి, కొత్త రంగు కొట్టి చూపిస్తారు. దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర లేదు. ఒక చిన్న అయస్కాంతం గుడ్డలో చుట్టి తలుపుల కింద, మడ్‌గార్డుల అంచుల వెంట నడిపితే చాలు. రేకు వున్న చోట అతుక్కుంటుంది, మందంగా పుట్టీ వున్న చోట జారిపోతుంది. కాళ్ల కింది చాపలెత్తి స్క్రూ డ్రైవరు కొసతో నొక్కి చూడాలి. నాలుగు తలుపులూ ఒక్కొక్కటే తెరిచి మూయాలి. తలుపు కిందికి జారి, ఎత్తి మూయవలసి వస్తే స్తంభం దగ్గర రేకు బలహీనపడిందని అర్థం.

బ్రేకులు, స్టీరింగు

పాత అంబాసిడర్ కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. టన్నుకు పైగా బరువున్న కారును అవి నెమ్మదిగా ఆపుతాయి. వర్షంలో తడిస్తే ఇంకా నెమ్మదిస్తాయి. ఈనాటి కార్ల వెంట అంత దగ్గరగా పోతే ముందున్నవాడు బ్రేకు వేయగానే గుద్దుకోవడం ఖాయమని డ్రైవర్లు హెచ్చరిస్తున్నారు. గాలి సంచులు లేవు. పాత బండ్లలో కొన్నింటికి వెనక సీటు బెల్టులు కూడా లేవు.

ముందు చక్రాల కింగు పిన్నులు, వాటి బుష్షులు గ్రీజు మీదనే బతుకుతాయి. గ్రీజు కొట్టించడం మానేస్తే అరిగి, స్టీరింగు చేతిలో ఆటలాడుతుంది. ఒక చక్రాన్ని జాకీ మీద ఎత్తి, పైనా కిందా పట్టుకొని ఊపితే లొడలొడలాడుతున్నదా లేదా తెలుస్తుంది. పాత నమూనాల్లో స్టీరింగు పక్కనే వుండే గేరు రాడ్డుకు కింద వరుసగా లింకులు వుంటాయి. అవి అరిగితే రెండు గేర్లు ఒకేసారి పడి బండి నడిరోడ్డు మీద బిగుసుకుపోతుంది. తరచు అలా జరుగుతుంటే బుష్షులు మార్పించుకోవాలి.

సామాను వున్నది, చేయి లేదు

విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ సామాను ఇప్పటికీ దొరుకుతున్నది. కొత్తవి చిన్న చిన్న కార్ఖానాల్లో తయారై వస్తున్నాయి. పాతవి విప్పేసిన కార్లనుంచి వస్తున్నాయి. చౌకరకం సామాను వేస్తే నెలల్లోనే మళ్లీ విప్పవలసి వస్తున్నదని, బ్రేకు కిట్లు, బేరింగులు మాత్రం చూసి మంచివి కొనాలని అక్కడి మేస్త్రీలు చెబుతున్నారు.

అసలు కొరత మనుషులది. కార్బురేటరు విప్పి శుభ్రం చేసి చెవితో విని ట్యూనింగు చేసే మేస్త్రీలు అరవై దాటినవారు. వారి కొడుకులు కంప్యూటరు తగిలించి చూసే కొత్త కార్ల పనికి వెళ్లిపోయారు. "పని నేర్పుదామన్నా కుర్రాళ్లు రావడం లేదు. వచ్చినా వారానికి ఒక్క అంబాసిడర్ వస్తే వాడేం తిని బతకాలి?" అని ఒక వృద్ధ మేస్త్రీ వాపోయారు. ఎక్కడ ఆగినా బాగుచేయవచ్చన్నదే ఈ కారుకున్న పెద్ద పేరు. బాగుచేసేవారు తగ్గుతుంటే ఆ పేరు కూడా తగ్గక తప్పదు. కనుక కారు కొనదలచినవారు ముందుగా తమకు పది పదిహేను మైళ్లలో దాని పని తెలిసిన మేస్త్రీ ఎవరున్నారో వాకబు చేసుకోవాలి. వీలైతే అదే మేస్త్రీని వెంటబెట్టుకొని బేరానికి వెళ్లాలి.

బండి ఒకరిది, పేరొకరిది

మరమ్మతు కంటె కాగితాలు ఎక్కువమందిని ముంచుతున్నాయి. పాత కారు నాలుగైదు చేతులు మారుతుంది. సి బుక్కులో మాత్రం మొదటి యజమాని పేరే వుండిపోతుంది. సంతకాలు చేసిన ఫారాలు ఇచ్చేశాం, డబ్బు పుచ్చుకున్నాం, ఇక మనకు సంబంధం లేదని అమ్మినవారు అనుకుంటారు. చట్టం అలా చెప్పడం లేదు. ఇటువంటి కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, కారు ఎన్ని చేతులు మారినా ప్రమాదం నాటికి రిజిస్ట్రేషను ఎవరి పేరున వుంటే వారే యజమాని అని, నష్టపరిహారం బాధ్యత వారిదేనని స్పష్టం చేసింది. బీమా లేని కారు ఎవరినైనా గుద్దితే, ఎప్పుడో అమ్ముకున్న రైతు పొలం మీదికి ఆ బాకీ రావచ్చు.

కారు రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు, 30 రోజుల్లోగా కొన్నవారు రవాణా శాఖకు తెలియజేయాలి. అందుకు 29, 30 నంబర్ల ఫారాలు వున్నాయి. వేరే రాష్ట్రపు కారైతే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం వుండాలి. బ్యాంకు అప్పు మీద కొన్నదైతే అప్పు తీరినట్టు సి బుక్కులో రాయించుకోవాలి. బీమా కూడా 14 రోజుల్లో పేరు మార్పించుకోవాలి.

సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి, ఐదేళ్లకొకసారి పొడిగించుకోవాలి. ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5 వేల రూపాయలైంది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10 వేలు చేశారు. హరిత పన్ను, బీమా, పొగ పరీక్ష వేరు. 2014లో తయారైన చివరి అంబాసిడర్లు కూడా 2029తో పదిహేనేళ్లు నిండుతాయి. గడువు తీరిన కారు చౌకగా వస్తున్నదంటే ఈ ఖర్చులన్నీ కొనేవారి నెత్తిన పడ్డట్టే.

ఎవరు కొనవచ్చు?

అనుభవజ్ఞులు చెప్పేదాన్ని బట్టి చూస్తే, దగ్గరి దూరాలు తిరిగేవారికి, ఇంటి దగ్గర నీడ వున్నవారికి, వారానికి ఒక పూట బండి కోసం కేటాయించగలవారికి ఇది పనికివస్తుంది. కొన్న ధరలో కనీసం సగం సొమ్ము మొదటి ఏడు మరమ్మతుకు విడిగా పెట్టుకోవాలని వారి సలహా. అప్పు చేసి కొని, అద్దె మీద కిస్తీ కట్టుకోవాలనుకునేవారు ఆలోచించుకోవడం మంచిది. బండి షెడ్డులో వున్న రోజుల్లో అద్దె రాదు, కిస్తీ మాత్రం ఆగదు.

బేరానికి వెళ్లినప్పుడు ఇంజను చల్లగా వుండగానే స్టార్టు చేయించాలి. వెళ్లేసరికే వేడెక్కించి వుంచితే అనుమానించాలి. కనీసం పది మైళ్లు స్వయంగా నడిపి చూడాలి. సి బుక్కులోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతో కలుస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఇంజను మార్చిన కార్లు చాలా వున్నాయి. ఆ మార్పు సి బుక్కులో ఎక్కకపోతే రేపు బండి పట్టుబడుతుంది.

గుడివాడ సమీపంలోని ఆ వరి రైతు కుమారుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, తండ్రికి కొత్త కారు కొని పంపాడు. ఊరి ప్రయాణాలకు ఇప్పుడు అదే వాడుతున్నారు. అంబాసిడర్‌ను మాత్రం ఆయన అమ్మలేదు. ప్రతి ఆదివారం ఉదయం నీళ్లు, ఆయిల్, టైర్ల గాలి చూసుకొని గుడివాడ దాకా వెళ్లి, కూరగాయలు కొనుక్కొని తిరిగి వస్తారు. బండి అవసరం లేనప్పుడు ఎందుకీ శ్రమ అని ఇంట్లోవారు అడిగితే, "తిప్పని వారం నుంచే అది పాతబడుతుంది" అని ఆయన సమాధానమిస్తున్నారు.